ముగ్గు లేని వాకిలి

సముద్రం సగం దాటకముందే కుంతలి రొప్పడం మొదలుపెట్టింది.

కుంతలి అల్లాటప్పా పిట్ట కాదు, మహాక్రౌంచం. అది రెక్కలు విప్పితే వీధి వీధంతా నీడలో పడుతుంది. పుట్టి ఎన్ని వందల ఏళ్ళయిందో దానికే తెలియదు. ఒళ్ళు ముసలిదైనా నోరు మాత్రం పడుచుది, క్షణం ఊరుకోదు. నిన్న దాని పిల్లను కొండచిలువ చుట్టేసి మింగబోతుంటే మణిమంత రాజ్యపు యువరాజు వసంతకేతుడు అడ్డం పడి కత్తి దూశాడు. ఆ మేలు తలుచుకుని ఇవాళ అతన్ని వీపున ఎక్కించుకుంది. ఎక్కించుకున్నది మొదలు సణుగుతూనే ఉంది.

"వేడిగాలి కొడుతోంది నాయనా. ఈకల చివర్లు అప్పుడే చుర్రుమంటున్నాయి. ఆ దీవి మీద ఎంతసేపు తిప్పుతావు నన్ను?"

"మా చారుశీల కనబడేదాకా."

"కనబడకపోతే?"

రాకుమారుడు పట్టు బిగించాడు. మదపుటేనుగు మీదికి వచ్చినా కనురెప్ప వాల్చని మనిషి, చెల్లెలి పేరెత్తితే చాలు, అరచేతులకు చెమటలు పట్టి క్రౌంచం ఈకలు జారిపోతున్నాయి.

సంగతి అతనికి తెలిసింది నిన్ననే. సరిహద్దు కోట పని ముగించుకుని అడవిదారిన ఇంటికి వస్తుండగా కుంతలే చెప్పింది. మొన్న నల్ల తెరచాప పడవ ఒకటి మణిమంతం రేవు నుంచి అంగారద్వీపం వైపు పోయిందట. ఆ పడవ మాంత్రికుడు తామ్రజటుడిది. అందులో మణిమంతపు రాచవారి సింహాల అంచు పట్టుచీర కట్టిన పిల్ల ఒకతె, తలపాగా చుట్టినవాడు ఒకడు ఉన్నారట. వాడి ముఖం చూశావా అని అడిగితే, "పైనుంచి చూసేవాళ్ళకు తలపాగాలే కనిపిస్తాయి నాయనా, ముఖాలు కావు" అంది.

తామ్రజటుడి సంగతి ఆ తీరంలో పసిపిల్లలకు కూడా తెలుసు. అంగారద్వీపంలో అగ్నిపర్వతం పగిలినప్పుడల్లా వాడు ఒక ప్రాణాన్ని ఆ మంటకు వదిలి, బదులుగా ఏదో ఒక కొత్త శక్తి సంపాదిస్తాడు. ఈ ఉదయం అగ్నిపర్వతం పగిలింది. చీకట్లో సముద్రం దాటలేనని కుంతలి అనడంతో అడవిలోనే పడుకున్న వసంతకేతుడి చెవులకు ఆ చప్పుడు తగిలింది. అప్పటినుంచీ అతని ప్రాణం ప్రాణంలో లేదు.

కింద సముద్రం మీద దీవి జనం పడవలు వరసకట్టి పారిపోతున్నాయి. కుంతలిని ఒక పడవ దగ్గరగా దింపి రాకుమారుడు గట్టిగా అడిగాడు, దీవిలో ఒక రాచపిల్లను ఎవరైనా చూశారా అని. చూడలేదన్నారు. ఎవరూ మిగల్లేదన్నారు. ఊళ్ళన్నీ ఖాళీ చేసే వచ్చామన్నారు. అందరూ చెబుతుండగా పడవ చివర కూర్చున్న నడివయసు మనిషి ఒకతె మాత్రం నోరు మెదపలేదు. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆమె పేరు గవరమ్మ.

"రాచపిల్లా?" అంది చివరికి. "నన్నెక్కించుకో రాజుబాబు. నానొస్తాను."

పడవలో వాళ్ళు వద్దని మొత్తుకున్నారు. ఆమె వినిపించుకోలేదు. కొంగు నడుముకు బిగించి, కళ్ళు గట్టిగా మూసుకుని, క్రౌంచం మెడ పట్టుకుని పైకి పాకింది. రాకుమారుడు తన నడికట్టుతో ఆమెను తన నడుముకు కట్టుకున్నాడు. కుంతలి రెండో మనిషి బరువుకు ఒకసారి మూలిగి, గాలిలోకి లేచింది.

అప్పుడు కనిపించింది అంగారద్వీపం.

నీలి సముద్రం మధ్య బోర్లించిన మూకుడులా ఉంది. మూకుడు నడుమ పర్వతం, పర్వతం తల మీద పగిలిన నోరు. ఆ నోట్లోంచి పొగ నల్లగా, లావుగా లేచి, ఆకాశంలోకి పోయి, గొడుగు విప్పినట్టు విచ్చుకుంటోంది. పొగలో మెరుపులు పాకుతున్నాయి. నోటి అంచున ఒకవైపు గండి పడి, నిప్పుటేరు కిందికి దిగుతోంది. దూరానికి అది ఎర్రని దారంలా ముచ్చటగానే ఉంది. ముచ్చటపడే తీరిక ఆ ముగ్గురిలో ఎవరికీ లేదు.

పైనుంచి చూస్తే ఆ దీవి వయసు మొత్తం ఒంటి మీద రాసి ఉన్నట్టు తెలిసిపోతుంది. కొండ నోటినుంచి సముద్రం దాకా పాత నిప్పుటేర్లు చల్లారి, రాయిగా మారి, పక్కపక్కనే పడి ఉన్నాయి. మరీ పాతదాని మీద అడవి మొలిచి పచ్చగా ఉంది. దాని పక్కది తుప్పురంగులో ఎర్రగా ఉంది, మీద గడ్డి తప్ప ఏమీ లేదు. ఇంకొకటి ఉడికిన బెల్లంపాకంలా మడతలు మడతలుగా గడ్డకట్టి నల్లగా మెరుస్తోంది. తూర్పున కొండకు కొండే సగం ఎగిరిపోయిన చోట సముద్రం లోపలికి వచ్చి అర్ధచంద్రంలా నిలిచింది. పక్కన చల్లారిన మరో కొండ నోట్లో వాననీళ్ళు చేరి, పచ్చగా ఒక చెరువైంది.

"ఆ చెరువు లేదు నాయనా నా చిన్నప్పుడు," అంది కుంతలి. "అక్కడ మంట ఉండేది. మా అమ్మ చలికాలంలో మమ్మల్ని దాని దగ్గరికి తెచ్చి కాచేది."

"కథలు తర్వాత చెప్పు కుంతలీ. ఊళ్ళు ఎక్కడున్నాయి?"

"ఊళ్ళకేం, వాలంతా ఊళ్ళే. నిప్పు దిగుతున్నవైపే ఉన్నాయి ఎక్కువ. అక్కడ మట్టి బాగా పండుతుందని అక్కడే కట్టుకున్నారు ఈ మొండి జనం."

నిజమే, నిప్పుటేరు దిగే దారిలో పెంకుటిళ్ళ గుంపులు కనిపిస్తున్నాయి. ఒకటి కాదు, రెండు కాదు. వాలు పొడుగునా అక్కడక్కడా చెదిరి ఉన్నాయి. వసంతకేతుడు లెక్కపెట్టబోయి మానేశాడు. ఇన్నిటిలో ఎక్కడని వెతకాలి? సాయంత్రందాకా వెతికినా తెమలదు. ఆ ఎర్రదారం సాయంత్రందాకా ఆగేలా లేదు.

"గవరమ్మా, నీకేదో తెలుసు. అందుకే వచ్చావు. తొందరగా చెప్పు."

గవరమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు. అతని వీపుకు ముఖం ఆనించి చెప్పింది.

"మా దీవిలో ఈ కొండని అత్త అంటాం బాబూ. అత్తొచ్చినప్పుడు ఊరంతా ఇల్లలికి, వాకిట్లో గవ్వసున్నంతో ముగ్గెట్టి, తలుపులు బార్లా తీసి ఎల్లిపోతాం. పెద్దమనిషి ఇంటికొస్తే తలుపేసుకోకూడదు కదా. ఊరందరూ ఎల్లిపోయాక ఆఖర్ని ఒక మనిషి మిగిలి, మూసున్న తలుపులేమన్నా ఉంటే తీస్తాది. ఆ మనిషిని వాకిలమ్మ అంటారు. మా ఊరి వాకిలమ్మని నానే."

"అయితే అన్ని ఇళ్ళూ చూశావన్నమాట."

"సూడకూడదు బాబూ. అదే మా ఆచారం. గడకర్రతో తలుపు తోసి, మొహం పక్కకి తిప్పుకుని, అత్తా ఇల్లు నీదే అనేసి కదిలిపోవాలి. లోపలికి సూస్తే పిలిచి పొమ్మన్నట్టు. ఇయ్యాల తెల్లారగట్ల ఒక ఇంటికి బయట తాళం ఉంది. బైరాగి ఎవడో అద్దెకున్నాడు అందులో. రాయెట్టి తాళం బద్దలుకొట్టినాను. తలుపు తోసినాను. మొహం తిప్పుకున్నాను."

ఆమె అతని నడికట్టును రెండు చేతులా పట్టుకుంది.

"లోపల మూలుగినిపించింది బాబూ. అత్తే అనుకున్నాను. కొండ రాత్రినించీ మూలుగుతానే ఉంది కదా, అదే అనుకున్నాను. ఇల్లు నీదే అనేసి ఎల్లిపోయినాను."

వసంతకేతుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెను ఒక మాట అనబోయాడు. తన వీపు తడుస్తోందని తెలిసి ఆ మాట మింగేశాడు. ఇప్పుడు కోపం వల్ల ఒరిగేదేమీ లేదు.

"ఏ ఊరు? చూపించు."

గవరమ్మ మొదటిసారి కళ్ళు తెరిచి కిందికి చూసింది. చూసి, చిన్నపిల్లలా బిక్కమొహం పెట్టింది.

"ఏది మా ఊరో తెలీడం లేదు."

"నీ ఊరు నీకు తెలియకపోవడం ఏమిటి?"

"నడిచెల్తే కళ్ళు మూసుకుని ఎల్లిపోతాను బాబూ. పైనుంచి ఎప్పుడు సూసినాను? అన్నీ ఒకేలాగున్నాయి. మా ఊరి తాటితోపు కనపడితే సెప్పీగలను."

తాటితోపులు ఎప్పుడో కాలిపోయాయి. వాలంతా పొగలు కక్కుతున్న మొండి మానులే. రాకుమారుడు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ చూశాడు. ఒకరికి నేల మీది దారి తెలుసు, ఇంకొకరికి ఆకాశం నుంచి కనిపించే ఆకారం తెలుసు. రెంటినీ కలిపేదెలాగో అతనికి తోచలేదు.

"మీ ఊరికి రెండు పక్కలా ఏముంటాయి?" అన్నాడు చివరికి.

"అత్తలుంటారు," అంది గవరమ్మ. "అంటే, పాత ఏరులు. ఒక్కోదానికి ఒక్కో పేరు. పడమరేపు మూగత్త. సప్పుడు సెయ్యకుండా రాత్రికి రాత్రి వొచ్చీసిందంట. తూరుపేపు కోపపత్త. మా అవ్వ కాపరానికొచ్చిన ఏడు పారింది. రెండిటి మజ్జిన మా ఊరు."

"కుంతలీ, విన్నావా?"

"విన్నాను. నాకు పేర్లు తెలియవు. చప్పుడు చెయ్యకుండా వచ్చినదంటే..." క్రౌంచం మెడ వంచి, ఒంటికన్నుతో దీవిని పరికించింది. "తెలిసింది. నా రెండో విడత పిల్లలకు రెక్కలు వచ్చిన ఏడాది. రాత్రి ఏ మాత్రం అలికిడి లేదు, పొద్దున లేచి చూస్తే లోయ లేదు. అదిగో ఆ తుప్పురంగుది. కోపంగా వచ్చినది ఆ మడతలది. రాళ్ళు మా గూటిదాకా విసిరింది ఆ రోజు."

రెండు పాత ఏర్ల మధ్య ఒకే ఒక ఊరు ఉంది. పెద్ద ఊరే. దాని నెత్తిన, రెండు పొలాల ఎత్తున, కొత్త నిప్పుటేరు ఉంది. ఇప్పుడది దారంలా లేదు. ముందు భాగం ఇంటెత్తున నల్లగా పేరుకుని, పగిలి, లోపలి ఎరుపు కక్కుతూ, మెల్లగా దొర్లుతోంది.

"దిగు కుంతలీ."

"దిగుతున్నాను. పట్టుకోండి."

వాళ్ళు ఊరి పక్కనుంచి తిరుగుతుంటే రాళ్ళ కింద పూడిన ఒక పెద్ద కోట కనిపించింది. నల్లరాతిలోంచి బురుజుల తలలు, ఒక బంగారు కలశం మాత్రం పైకి తేలి ఉన్నాయి. కోటగోడ గీత మాత్రం చుట్టూరా తేటగా తెలుస్తోంది.

"అది రత్నరేవు రాజు కోట," అంది కుంతలి. భయం వేసినప్పుడు దానికి మాటలు ఎక్కువవుతాయి. "నిప్పు వస్తోందని కోట తలుపులు మూయించాడు. బయటి జనాన్ని లోపలికి రానివ్వలేదు. బయటివాళ్ళు పరుగెత్తి పడవలెక్కి బతికారు. నిప్పు గోడ ఎక్కి లోపల పడింది. మూసిన తలుపులు తీసుకోలేక లోపలివాళ్ళు ఒక్కరూ బయటికి రాలేదు. నేను పైన తిరుగుతూనే ఉన్నాను ఆ రోజు. కేకలు విన్నాను."

గవరమ్మ ఆ గోడ గీత వంక చాలాసేపు చూసింది.

"తలుపులు తియ్యమన్నది అందుకా," అంది. "లోపల ఎవరూ ఉండిపోకూడదనా. మరి మొహం తిప్పుకోమన్నది ఎవరు బాబూ?"

అంతలో పొగగొడుగు కిందనుంచి కిచకిచమంటూ ఒక నల్లని గుంపు వాళ్ళ మీదికి దూకింది. అవి గబ్బిలాలు. ఒక్కొక్కటి మేకపిల్లంత ఉంది, రెక్కల అంచులకు నిప్పు అంటుకుని ఉంది. తామ్రజటుడు వదిలి వెళ్ళిన కావలి అది. ఒకటి వచ్చి కుంతలి మెడకు కరుచుకుంది. కుంతలి పక్కకి ఒరిగింది. గవరమ్మ గాలిలో వేలాడింది. నడికట్టు ఒక్కటే ఆమెను ఆపింది. వసంతకేతుడు ఎడమచేత్తో ఆమె జబ్బ పట్టుకుని, కుడిచేత్తో కత్తి తిప్పాడు. మొదటి వేటుకు మెడ మీదిది తెగిపడింది. రెండో వేటుకు రెండు పడ్డాయి. మిగిలినవి చుట్టుముట్టాయి. అతని తలపాగా చెంగు అంటుకుంది. దాన్ని చేత్తో నలిపేశాడు.

"తల వంచుకోండి," అని కుంతలి రెక్కలు ముడిచి రాయిలా కిందికి పడింది. నేల ఇంకా తాటిచెట్టెత్తు ఉందనగా రెక్కలు టపీమని విప్పింది. ఆ విసురుకు వెంటపడిన గబ్బిలాలు నేలకు గుద్దుకుని నిప్పురవ్వలై చెదిరిపోయాయి. ఒక్కటి మాత్రం తప్పించుకుని మణిమంతం వైపు ఎగిరిపోయింది.

ఇప్పుడు ఊరు సరిగ్గా కింద ఉంది. కానీ ఊరు ఊరులా లేదు. ఇళ్ళ కప్పులు, వీధులు, వాకిళ్ళు అన్నిటి మీదా బూడిద మందంగా పరుచుకుంది. తలుపులన్నీ ఒకేలా బార్లా తెరిచి ఉన్నాయి. ఏ ఇల్లని చెప్పడానికి ఒక గుర్తు కూడా లేదు. ఎగువ వీధి మొదట్లో ఇల్లొకటి భగ్గుమంది. ఆ వెనకే రెండోది.

"చారూ," అని రాకుమారుడు గొంతు చించుకున్నాడు. కొండ హోరులో అతని కేక అతనికే వినిపించలేదు.

గవరమ్మ అతని భుజం పట్టుకుని కుదిపింది.

"బాబూ, ముగ్గు. ముగ్గులు ఇంటి ఆడదే ఎయ్యాలి. ఆడకూతురు లేని కొంపకి ముగ్గు పడదు. ఆ బైరాగి కొంపలో ఆడదే లేదనుకున్నాను కదా, నానూ ఎయ్యలేదు. ఊరంతటికీ ముగ్గు లేని వాకిలి అదొక్కటే."

"ముగ్గులన్నీ బూడిద కింద ఉన్నాయి గవరమ్మా."

"బూడిదేగా," అంది కుంతలి. "కళ్ళు మూసుకోండి."

క్రౌంచం వీధికి అడ్డంగా, ఇళ్ళ కప్పులకు తగిలేటంత కిందుగా దిగి, గాలిలో నిలబడి, ఒంట్లో బలమంతా పెట్టి రెక్కలు ఆడించింది. బూడిద గుప్పున లేచి దిక్కులన్నీ కమ్మింది. ఊపిరాడలేదు. మళ్ళీ ఆడించింది. మళ్ళీ. దాని గుండె దబదబా కొట్టుకోవడం పైనున్న ఇద్దరికీ తొడల కింద తెలుస్తోంది. ఈకలు కాలి కమురు వాసన వస్తోంది. అయినా అది సణగలేదు.

బూడిద కాస్త విడిపోయేసరికి నల్లని నేల మీద ముగ్గులు తెల్లగా బయటపడ్డాయి. పద్మాలు, శంఖాలు, మెలికలు, తొమ్మిది చుక్కల చాపలు. వాకిలి వాకిలికీ ఒక ముగ్గు, ఎవరి చేతివాటం వారిది. ఇల్లు వదిలి పారిపోయేముందు కూడా ఒక్క చుక్క తప్పకుండా పెట్టారు ఆ ఆడవాళ్ళు. రాకుమారుడి చూపు వాటి మీదుగా పరుగెత్తింది. వీధి చివర, బావి పక్కన, ఒక వాకిలి బోసిగా ఉంది.

"అదే," అన్నారు ఇద్దరూ.

కుంతలి బావిగట్టు మీద వాలింది. వాలగానే కూలబడింది. వసంతకేతుడు నడికట్టు కోసి కిందికి దూకాడు. నేల కాళ్ళకు చురచుర తగులుతోంది. తెరిచిన తలుపులోంచి ఒక్క అంగలో లోపలికి పోయాడు.

ఇంటి నడుమ నిట్టాడు స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉంది చారుశీల. జుట్టు రేగి, పెదాలు పగిలి, పట్టుచీర మసిబారి ఉంది. నోటికి గుడ్డ కట్టి ఉంది. బతికే ఉంది. వసంతకేతుడికి ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. గబగబా పోయి గుడ్డ విప్పాడు.

చారుశీల అతని ముఖం చూసింది. చూసి వెర్రికేక వేసింది. నిట్టాడుకు అతుక్కుపోయి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ వెనక్కి జరగబోయింది.

"నేను చారూ. అన్నయ్యను."

"నిన్న కూడా అదే అన్నావు," అంది. గొంతు జీరపోయి మాట సరిగా రావడం లేదు. "విప్పడానికి వచ్చానన్నావు. నీళ్ళు తాగించావు. నవ్వి మళ్ళీ కట్టేశావు. ఇంకా ఏం కావాలి నీకు?"

వసంతకేతుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తామ్రజటుడు నా రూపంలో వచ్చాడా?"

"నన్నెందుకు అడుగుతావు? నువ్వే చెప్పావు కదా. తోడబుట్టిన నేను ఈ మంటలో పోతే అన్నయ్య రూపం నీకు శాశ్వతమైపోతుందన్నావు. మణిమంతం నీదైపోతుందన్నావు."

"చిన్నప్పుడు నువ్వు పిట్టగోడ మీంచి పడితే నేను నాన్నగారికి చెప్పకుండా..."

"అదీ నిన్నే చెప్పాను నీకు. నమ్మి, అన్నీ నేనే చెప్పాను."

వసంతకేతుడు కత్తి ఎత్తి గొలుసు మీద కొట్టాడు. నిప్పురవ్వలు లేచాయి కానీ గొలుసు మీద గీత కూడా పడలేదు. మంత్రించిన గొలుసు అది. ఉన్న దారి ఒక్కటే, నిట్టాడును నరకాలి. నిట్టాడు పోతే దూలం, దూలంతో పాటు పైకప్పు అంతా ఆ పిల్ల నెత్తినే పడుతుంది.

"గవరమ్మా, గొడ్డలి."

గవరమ్మ పక్కింటి అరుగు మీదినుంచి గొడ్డలి తెచ్చి ఇచ్చింది. అత్తకు వదిలేసిన సొత్తు ముట్టుకున్న మొదటి మనిషి ఆ దీవిలో ఆవిడే. గొడ్డలి ఇచ్చి, వెనక్కి పోయి, గుమ్మంలో చేతులు చాపి నిలబడింది. వీధిలో పది ఇళ్ళ అవతల నల్లని నిప్పుగోడ మలుపు తిరిగింది.

"అత్తా," అంది గవరమ్మ దానితో, ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టే. "పొద్దున్న తెలీక పిలిచీసినాను. ఇంట్లో మనుషులున్నారు. కాస్త ఆగు."

లోపల గొడ్డలి దెబ్బలు పడుతున్నాయి. నిట్టాడు అడుగున పెళ్ళున విరిగింది. దూలం కిందికి దిగింది. వసంతకేతుడు గొడ్డలి పారేసి దూలం కింద భుజం పెట్టాడు. ఇంటి కప్పు బరువంతా అతని మీద పడింది. మోకాళ్ళు వంగాయి. మెడ నరాలు ఉబ్బాయి. పెంకులు జలజలా రాలి అతని వీపు మీద పగిలాయి.

"గొలుసు కిందనుంచి లాగేసుకో చారూ. తొందరగా."

చారుశీల కదల్లేదు. అతన్నే చూస్తోంది. కళ్ళనిండా భయం తప్ప ఇంకేమీ లేదు.

"చారూ, నా మాట విను."

"నేను రాను నీతో."

వసంతకేతుడి కళ్ళలోకి చెమట కారింది. ఇంత దూరం వచ్చి, చెయ్యి చాపితే అందే దూరంలో చెల్లెలు ఉండి, తన ముఖం వల్లనే ఆమె చావబోతోంది. ఆ ముఖాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

గుమ్మంలోంచి గవరమ్మ లోపలికి వచ్చింది. అతన్ని దాటుకుని పోయి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అతని మాట నమ్మకమ్మా. నా మాట నమ్ము. పొద్దున్న తాళం బద్దలుకొట్టింది నానే. ఇల్లు నీదే అనీసింది నానే. నువ్వు మూలిగినావు. నాను విన్నాను. విని ఎల్లిపోయినాను."

చారుశీల ఆ గొంతు విని తల తిప్పింది.

"తలుపు తెరుచుకుంది. వెలుతురొచ్చింది. ఎవరో వచ్చారనుకున్నాను," అంది. "నువ్వు లోపలికి చూడలేదు."

"సూడలేదమ్మా. ఇప్పుడు సూస్తున్నాను. నన్ను తిట్టు, కొట్టు, ఏటైనా సెయ్యి. ముందు నా సెయ్యి పట్టుకో."

వాకిట్లో బావిగట్టు మీదినుంచి కుంతలి అరిచింది. వేడికి గుమ్మం చెక్క పొగలు కక్కడం మొదలైంది. చారుశీల మెల్లగా చెయ్యి చాపింది. గవరమ్మ విరిగిన నిట్టాడు కిందనుంచి గొలుసు లాగి, పిల్లను నడుము పట్టుకుని లేవదీసి, బయటికి ఈడ్చుకుపోయింది. వాళ్ళు గుమ్మం దాటిన మరుక్షణం వసంతకేతుడు భుజం తప్పించి ముందుకు దూకాడు. కప్పు అతని మడమల వెనకే కూలింది.

నిప్పు బావిని అందుకునేలోగా కుంతలి లేచింది. ఎలా లేచిందో దానికే తెలియదు. సగం ఈకలు కాలిపోయాయి, ఒక రెక్క సరిగా చాచలేకపోతోంది, వీపున ముగ్గురు. లేచి, సముద్రపు గాలి అందుకుని, మణిమంతం వైపు మెడ తిప్పింది. కింద తెల్లని ముగ్గులు ఒకటొకటిగా ఎరుపులో కలిసిపోవడం గవరమ్మ చూసింది. తన వాకిలి కూడా అందులో ఉంది.

చారుశీల అన్నకూ గవరమ్మకూ మధ్య కూర్చుంది. అన్న వీపుకు తన ఒళ్ళు తగలకుండా జాగ్రత్తగా వెనక్కి ఒదిగి కూర్చుంది. సముద్రం చాలా దూరం గడిచాక మెల్లగా అడిగింది.

"ఆ దూలం కింద నువ్వెందుకు భుజం పెట్టావు?"

"ఇంకేం చెయ్యను?"

"వాడైతే పెట్టడు," అంది తనలో తాను. కాసేపాగి మళ్ళీ అంది, "నువ్వు అన్నయ్యవేనని తెలుస్తోంది. కానీ నీ ముఖం చూస్తే ఒళ్ళంతా వణుకుతోంది. నోరు పెగలడం లేదు. ముఖం కప్పుకుంటావా?"

వసంతకేతుడు తలపాగా విప్పి, కాలిపోగా మిగిలిన గుడ్డను కళ్ళు తప్ప ముఖమంతా చుట్టి, వెనక ముడి వేసుకున్నాడు. అప్పుడు చారుశీల అతని వీపు మీద తల ఆనించి బావురుమంది.

"వాడిప్పుడు మన ఇంట్లో ఉన్నాడు అన్నయ్యా. నాన్నగారికి ఒంట్లో బాగాలేదు. ఇవాళ పట్టం కట్టించుకుంటానని వెళ్ళాడు."

మణిమంతం రేవు కనుచూపులోకి వచ్చింది. కోటగోడ మీద తోరణాలు కట్టి ఉన్నాయి. బురుజు మీద యువరాజు వసంతకేతుడి సింహపతాకం రెపరెపలాడుతోంది. నగారాలు మోగుతున్నాయి. కుంతలికి ఇక ఊపిరి లేదు. ఎక్కడ దిగుదామని అడిగే ఓపిక కూడా లేక కోటగోడ వెడల్పు మీదికి ఒరిగి, బోర్లా కూలబడింది.

వాళ్ళు లేచి నిలబడేలోగా విలుకాళ్ళు చుట్టుముట్టారు. ముందు నిలబడ్డ దళపతి భీమరథుడు. వసంతకేతుడికి కత్తి పట్టడం నేర్పింది ఆయనే. ఆయన కళ్ళు చారుశీల మీద పడ్డాయి.

"అమ్మగారు బతికే ఉన్నారు," అన్నాడు వెనకవాళ్ళతో. తర్వాత ముసుగు మనిషి వైపు తిరిగాడు. "యువరాజావారు ఇందాకే హెచ్చరించారు. మాంత్రికుడు తన రూపం దాల్చి, అమ్మగారిని వెంటబెట్టుకుని, రాక్షసపక్షి మీద వస్తాడని. అలాంటివాడు కనిపిస్తే అడగకుండా కొట్టమన్నారు."

నారి లాగిన చప్పుళ్ళు వరసగా వినిపించాయి. చారుశీల అన్నకు అడ్డంగా నిలబడి చేతులు చాపింది.

"అడ్డు లేవండమ్మా. మీ కళ్ళకు మాయ కమ్మి ఉంటుందని కూడా చెప్పారు," అన్నాడు భీమరథుడు జాలిగా. "అయినా ఈ మనిషి ఎవరో చూడకుండా బాణం వెయ్యలేను. ఏయ్, ముఖం మీద గుడ్డ తియ్యి. నువ్వు మా యువరాజులా లేకపోతే ప్రాణాలతో వదిలేస్తాను."

వసంతకేతుడి చెయ్యి తల వెనక ముడి దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.